కథా సందేహాలు: దొరల కాలం మన ఇళ్ళలో ఎక్కడుంది?

తెల్లదొరల పాలన మన ఇళ్ళలో, మనుషుల మధ్య మిగిల్చిన దాన్ని చిన్న కథలో ఎట్లా పట్టుకోవాలి? ఈ విషయం మీద తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాఠకులు పంపిన ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం. కొందరు తమ కథలే జతచేశారు. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊళ్ళు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న (తిరుపతి): వలస పాలన ప్రభావం మీద కథ రాస్తున్నాను. నా కథ ఈ కాలంలోనే జరుగుతుంది, అందులో ఒక్క తెల్లవాడూ లేడు. కనీసం ఫ్లాష్‌బ్యాక్‌లోనైనా ఒక కలెక్టరు దొరను తేవాలా?

జవాబు: అక్కర్లేదు. తెస్తే కథ చెడే ప్రమాదమే ఎక్కువ. దొర గుర్రం దిగి కొరడా తీయగానే పాఠకుడి కోపమంతా అతని మీదికి పోతుంది. మొగుడూ పెళ్ళాల మధ్య, తల్లీ కొడుకుల మధ్య మీరు చూపించాలనుకున్నది వెనకబడుతుంది.

టాగూర్ 1891లో రాసిన 'పోస్ట్‌మాస్టర్' కథ తీసుకోండి. ఉలాపూర్ అనే మారుమూల పల్లెలో తపాలా ఆఫీసు ఎందుకుంది? పక్కనే నీలిమందు ఫ్యాక్టరీ ఉంది. దాని యజమాని అయిన దొర తన పలుకుబడితో అక్కడికి ఆఫీసు తెప్పించుకున్నాడు. కథలో దొర వాటా దాదాపు అంతే. ఆ ఆఫీసుకు కలకత్తా కుర్రాడొకడు ఉద్యోగానికి వస్తాడు. రతన్ అనే అనాథ పిల్ల అతనికి ఇంటిపని చేసిపెడుతుంది. అతను ఆ పిల్లకు అక్షరాలు నేర్పుతాడు. అతను జబ్బు పడితే ఆ పిల్లే కాచుకుని కూర్చుంటుంది. బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటాడు, పైవాళ్ళు కుదరదంటారు, రాజీనామా చేసి బయలుదేరతాడు. నన్నూ మీ ఇంటికి తీసుకుపోతారా అని పిల్ల అడిగితే నవ్వేస్తాడు. పోయే ముందు జీతం డబ్బులు చేతిలో పెట్టబోతే ఆ పిల్ల తీసుకోదు.

ఇందులో చెడ్డవాళ్ళు లేరు. వాళ్ళిద్దరినీ కలిపింది ఒక పోస్టింగు, విడదీసిందీ అదే. దరఖాస్తు, బదిలీ, జీతం అనే లెక్కలో అతను బతుకుతున్నాడు. రతన్‌కు ఆ లెక్క తెలియదు, ఇంట్లో మనిషి అనే తెలుసు. దొర తన వ్యాపారం కోసం తెచ్చిపెట్టిన ఒక ఆఫీసు, ఏ సంబంధమూ లేని పన్నెండు పదమూడేళ్ళ పిల్ల గుండె దాకా ఎట్లా పోయిందో చూడండి.

ఆఫ్రికా కథకుడు చినువా అచెబె 1953లో రాసిన ఒక చిన్న కథలో దారి ఇంకోలా ఉంటుంది. మైకేల్ ఓబి అనే కుర్ర హెడ్మాస్టరు, ఆధునికత మీద ఎంతో ఉత్సాహం ఉన్నవాడు, పల్లెలో మిషన్ బడికి వస్తాడు. బడి ఆవరణ గుండా ఊరివాళ్ళ కాలిబాట ఒకటి పోతుంటుంది, అది గుడినీ శ్మశానాన్నీ కలిపే బాట. ముళ్ళకంచె వేసి దాన్ని మూసేస్తాడు. రెండు రోజుల్లో కాన్పులో ఒక యువతి చనిపోతుంది. ఊరివాళ్ళు కంచెలు పీకేసి, పూలమొక్కలు తొక్కేసి, ఒక బడిగదిని కూల్చేస్తారు. తెల్ల పర్యవేక్షకుడు కనిపించేది ఆఖర్లో. వచ్చి, హెడ్మాస్టరు అత్యుత్సాహాన్ని తప్పుపడుతూ నివేదిక రాసి పోతాడు. ఎవరి మెప్పు కోసం ఓబి తన వాళ్ళ దారి మూశాడో, వాళ్ళే అతన్ని తప్పుపట్టారు. ఓబి భార్యను కూడా గమనించండి. హెడ్మాస్టరు భార్య హోదా గురించి ఆమె కనే కలలు రెండు మూడు వాక్యాలే. కాపురంలోకి ఆ హోదా ఎంత లోతుగా దిగిందో ఆ రెండు వాక్యాలే చెప్పేస్తాయి.

ఇప్పుడు మీ కథకు రండి. ఒక్క వస్తువును ఎంచుకోండి, రెండు వద్దు. స్టాంపు పేపరు కావచ్చు, బడి గంట కావచ్చు, సర్వే రాయి, బదిలీ ఆర్డరు, టీసీ, ఏదైనా సరే. అది ఎవరి అవసరం కోసం వచ్చిందో మీరు తెలుసుకుని ఉండాలి, కథలో చెప్పకపోయినా సరే. ఇప్పుడది ఎవరి చేతిలో ఉందో చూడండి. దాన్ని చేతిలో పెట్టుకున్న మనిషి ఇంట్లో ఎవరి ముఖం చూడటం మానేశాడో అదే మీ కథ. 1500 మాటల కథలో చరిత్ర చెప్పే వాక్యాలన్నీ కలిపి 100 మాటలు దాటకుండా చూసుకోండి. దాటాయంటే ఎవరో ఒక పాత్ర ఉపన్యాసం మొదలుపెట్టి ఉంటుంది. సాధారణంగా అది రిటైరయిన మాస్టారు పాత్ర. ఆయన్ని తీసేసి మళ్ళీ చదవండి, కథ నిలబడుతుంది.

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట): 1925లో తిరుమలలో టీటీడీ గుమాస్తాగా పనిచేసిన మనిషి కథ రాశాను. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది. 1925లో ఆ పేరుతో సంస్థ లేదు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీకి దఖలు పడినప్పుడు గుడి వ్యవహారమూ కంపెనీ చేతికి పోయింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1933లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో దేవస్థానం కమిటీ వచ్చింది. మీ గుమాస్తాను మహంతుల కొలువులో పెట్టండి. జీతం ఇచ్చేవాడు మారితే అతను ఎవరికి భయపడతాడో కూడా మారుతుంది కాబట్టి, పేరు ఒక్కటి దిద్దితే సరిపోదు. అతను తలవంచే సన్నివేశాలన్నీ మళ్ళీ చూసుకోండి.

ప్రశ్న (చంద్రగిరి): చుక్కల భూమి మీద కథ పంపుతున్నాను. కూతురి పెళ్ళికి తండ్రి 2 ఎకరాల 40 సెంట్లు అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదంటారు. ఆఖర్లో తండ్రి ఆఫీసు ముందు నిలబడి బ్రిటిషువాళ్ళను తిడతాడు. ఇద్దరు మిత్రులు చదివి, బాగుంది కానీ నమ్మబుద్ధి కాలేదన్నారు. ఎందుకు?

జవాబు: వచ్చిన కథల్లో మాకు బాగా నచ్చిన విషయం మీ కథదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ముందు కాగితం సంగతి. బ్రిటిషు కాలంలో రీసెటిల్‌మెంటు, అంటే భూమి శిస్తు మళ్ళీ తేల్చే పని, జరిగినప్పుడు ప్రతి సర్వే నంబరుకూ రిజిస్టరులో వరస రాశారు. నంబరు, మెట్టా తరీ, విస్తీర్ణం, తీర్వ (భూమి శిస్తు), పట్టాదారు పేరు. అదే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు), మన పక్క డైగ్లాట్ అని కూడా అంటారు. పట్టాదారు ఎవరో తేలనప్పుడు, ఎవరూ ముందుకు వచ్చి చెప్పనప్పుడు, పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తర్వాత మూడు నాలుగు తరాలు ఆ భూమి దున్నుకున్నాయి, అమ్ముకున్నాయి, కొనుక్కున్నాయి. చాలా కాలం తర్వాత, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో చేర్చిన 22-ఎ సెక్షను కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలు వచ్చాయి. చుక్కలున్న నంబర్లు అందులోకి ఎక్కాయి. వాటిని తేల్చడానికి 2017లో చుక్కల భూముల చట్టం తెచ్చారు.

మీ కథలో తప్పులు మూడున్నాయి. మొదటిది, రెండో పేజీలో ఆ భూమిని 'డీకేటీ పట్టా' అన్నారు. అది వేరే సంగతి. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, దాన్ని అమ్మకూడదని 1977లో చట్టం తెచ్చారు. చుక్కల భూమిలో చిక్కు పేరు లేకపోవడం. రెవెన్యూలో పనిచేసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. రెండోది, పెళ్ళికూతురి అత్తవారిది పుంగనూరు అని చెప్పి, వాళ్ళ భూమికీ అదే రోజుల్లో చుక్కలు పడ్డాయన్నారు. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీలు. జమీందారీ ఊళ్ళలో రైత్వారీ లెక్క, అంటే సర్కారు నేరుగా రైతు పేరునే పట్టా రాసుకునే పద్ధతి, మొదలైంది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే. చంద్రగిరిలో నడిచిన కథ అక్కడ అట్లాగే నడవదు.

మూడోదే అసలు తప్పు. చుక్కలు ఎందుకు పడ్డాయో మీరు చెప్పలేదు. తెల్లవాడు పెట్టాడు అని వదిలేశారు. తెల్లవాడు వచ్చి చుక్కలు పెట్టి ఉండడు, మన గుమాస్తానే పెట్టి ఉంటాడు. అంతకంటే ముఖ్యం, ఆ రోజు ఈ ఇంటివాళ్ళు ఎందుకు ముందుకు రాలేదు? ఉదాహరణకు, అన్నదమ్ములిద్దరూ గట్టు తగాదాలో ఉన్నారనుకోండి. ఒకడి పేరు చెబితే రెండోవాడు ఊరుకోడని ఊరి పెద్దలు నోరెత్తలేదు. సెటిల్‌మెంటు వాళ్ళకు ఆగే తీరిక లేదు. అప్పుడు ఆ చుక్క ఒకేసారి దొరల కాగితమూ అవుతుంది, ఇంటి పోరూ అవుతుంది. కూతురి పెళ్ళి ఆగినప్పుడు తండ్రికి తిట్టడానికి ఎవరూ మిగలరు. ఈ చివరి సన్నివేశం మచ్చుకు ఇట్లా ఉండొచ్చు:

*గుమాస్తా రిజిస్టరు ఇటు తిప్పి చూపించినాడు. నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, తీర్వ ఉంది. పేరుండాల్సిన చోట అయిదు చుక్కలు. నాయన వంగి చూసినాడు. వేలు పెట్టి, "ఇది మా తాత" అన్నాడు. పక్క చుక్క మీదికి జరిపి, "ఇది మా చిన్నతాత" అన్నాడు. మిగతా మూడూ ఎవరని కూతురు అడగలేదు.*

ఈ సన్నివేశం నిజమనిపించాలంటే మీరు ఒకసారి పాత రిజిస్టరు పేజీ నకలు చూడండి. గడులు ఎంత ఇరుకుగా ఉంటాయో, ఒక మనిషి పేరు పట్టే చోటు ఎంతో, కళ్ళారా చూస్తే రాసే వాక్యం పొడవు కూడా మారుతుంది. కొలతల్లోనూ ఒక సంగతి ఉంది. పొలానికి ఎకరాలు, సెంట్లు అంటాం, అది సర్వే గొలుసుతో వచ్చిన లెక్క. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇంటిస్థలం దగ్గరికి వచ్చేసరికి తిరుపతిలో ఇప్పటికీ అంకణాలే, అంకణం 36 చదరపు అడుగులు. మీ తండ్రి పాత్ర పొలం గురించి సెంట్లలో, ఇంటి గురించి అంకణాల్లో మాట్లాడితే, అతని నోట్లోనే రెండు కాలాలు పలుకుతాయి. ఎవరూ వివరించాల్సిన పని లేదు.

ప్రశ్న (శ్రీకాళహస్తి): మాది ఎరుకల కుటుంబం. నేరస్థ జాతుల చట్టం నాటి సంగతులు మా అవ్వ చెప్పేది. కథ రాస్తే సానుభూతి కోసం రాసినట్టు ఉంటుందేమోనని భయం.

జవాబు: రాయండి. మీరు రాయకపోతే ఈ కథను ఎప్పటిలాగే పోలీసుల వైపు నుంచి ఇంకెవరో రాస్తారు.

1871లో ఆ చట్టం ఉత్తరాదిన మొదలైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పేరు రిజిస్టరులో ఎక్కిన మనిషి వేలిముద్రలు ఇవ్వాలి. పిలిచిన వేళకు హాజరు చెప్పాలి. ఊరు దాటాలంటే తెలియజేయాలి లేదా అనుమతి కాగితం ఉండాలి. పుట్టుకనే నేరంగా రాసుకున్న చట్టం అది. 1952లో దేశమంతటా తొలగింది, ఆ స్థానంలో రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు మిగిలాయి.

ఈ వివరాలు మీకు తెలిసి ఉంటే చాలు, కథలో వరసగా పెట్టొద్దు. చట్టం పోయాక కూడా శరీరంలో ఏం మిగిలిందో రాయండి. రాత్రి వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించగానే, ఎవరూ అడగకుండానే పక్క మీద నుంచి తన పేరు చెప్పే ముసలామె ఒక్కతి చాలు. మనవడికి అది నవ్వులాట. ఒకరోజు వాడు కానిస్టేబుల్ పరీక్ష పాసై యూనిఫాం వేసుకుని ఇంటికి వస్తాడు. అక్కడ ఆపండి.

ఒక్క జాగ్రత్త. 'దొంగల కులం' అన్న మాట పాత్రల నోట రావచ్చు, అది ఆ కాలపు మాట. కథ చెప్పే గొంతులోకి మాత్రం రానివ్వొద్దు. కొటేషన్లో పెట్టినా వద్దు.

ప్రశ్న (చిత్తూరు): మా ముత్తాత అన్న 'నేటాలుకు పోయినాడు' అని ఇంట్లో ఒక్క మాటే మిగిలింది. ఇంతే పట్టుకుని కథ రాయగలమా? వెతికితే కాగితాలు దొరుకుతాయా?

జవాబు: నేటాలు అంటే దక్షిణాఫ్రికాలో అప్పటి దొరల వలస రాజ్యం, అక్కడి చెరకు తోటలకు మనవాళ్ళను కూలి ఒప్పందం మీద తీసుకుపోయారు. మొదటి ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911తో ఆ వలస ఆగింది. కాబట్టి మీ కథ ఈ యాభై ఏళ్ళలో పడాలి. ఒప్పందం 5 ఏళ్ళు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి, తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. 1895 చట్టంతో, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదలచినవాళ్ళ మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను పెట్టారు. నెలకు పది పదిహేను షిల్లింగులు తెచ్చుకునే మనిషికి అది నెలల కూలి. పౌనుకు 20 షిల్లింగులు, లెక్క వేసి చూడండి. ఎందుకు తిరిగి రాలేదు, ఎందుకు మళ్ళీ ఒప్పందం రాశాడు అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలో ఉంది.

కాగితాలున్నాయి. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. 'చిత్తూరు జిల్లా' అని వెతుకుతారు, దొరకదు. అప్పుడు ఆ పేరుతో జిల్లానే లేదు. 'నార్త్ ఆర్కాట్' అని వెతకాలి, చిత్తూరు తాలూకా గడిలో కనిపిస్తుంది. ఊరి పేర్లు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. మనిషి కంటే ముందు ఊరిని పట్టుకోండి.

కథ మాత్రం నేటాలులో పెట్టొద్దని మా సలహా. చెరకు తోట మీరు చూడలేదు, వర్ణన అరువు మాటలతో నిండిపోతుంది. ఇక్కడ మిగిలిన మనిషిని చూడండి. అతనికి పెళ్ళయి ఉంటే ఆ భార్య ఏమైంది? ఏడేళ్ళు జాబు రాలేదు. పసుపు కుంకుమలు ఉంచుకోవాలా, తీసేయాలా? పండక్కి ముత్తయిదువుల వరసలో కూర్చుంటే ఒకామె ఏమీ అనకుండానే పళ్ళెం దాటించి పోతుంది. ఏ ఓడ జాబితాలోనూ ఆమె పేరు లేదు. మీ ఇంట్లో ఆ ఒక్క మాట ఎవరి నోట మిగిలిందో కూడా కనుక్కోండి. ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి ఉంటే, కథ మీకు సగం దొరికినట్టే.

ప్రశ్న (మదనపల్లె, విద్యార్థిని): ఇంగ్లీషు మీడియంలో చదివే కొడుకు తల్లి మాటలు దిద్దుతుంటాడు, అదీ నా కథ. మా మేడం ఇది వలస పాలన కథ కాదు, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళ కథ అన్నారు. ఎవరిది సరి?

జవాబు: రెండూ ఉన్నాయమ్మా, కానీ మీ కథలో మేడం చెప్పిందే ఎక్కువ కనిపిస్తోంది. కారణం చెబుతాం. తల్లి 'స్కూలు'ని 'ఇస్కూలు' అంటే కొడుకు సిగ్గుపడతాడని రాశారు. ఇస్కూలు, రైలు, టిక్కెట్టు, ఆస్పత్రి, ఇవి ఎప్పుడో మన మాటలైపోయాయి. వాటిలో నొప్పి లేదు. నొప్పి ఎక్కడుందంటే, తల్లి తప్పు పలికినప్పుడు కాదు, తన మాట తప్పేమోనని ఆమె నోరు మూసుకున్నప్పుడు. పేరెంట్స్ మీటింగులో కొడుకు గురించి ఆమెకు తెలిసినవి పది సంగతులుంటాయి, ఒక్కటీ చెప్పదు. టీచరమ్మకూ తెలుగే వచ్చు, ఆమే తెలుగులో అడగదు. ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేకపోవడం, దాన్ని మీ కథ నడుమ పెట్టండి.

ఇంకో వస్తువు కూడా ఉంది. బడి దరఖాస్తులో తల్లి పుట్టిన తేదీ గడి. మన పక్క పెద్దవాళ్ళలో ఎంతోమందికి జూన్ 1 లేదా జులై 1 పుట్టినరోజు, బడిలో చేర్చిన రోజు అయ్యవారు వేసిన తేదీ. అసలు పుట్టింది ఏ గంగజాతర నాడో, ఏ కరువు ఏటో ఆమెకు తెలుసు. కొడుకు జులై 1న హ్యాపీ బర్త్‌డే అన్నప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉంటుందో చూసి రాయండి.

కొత్త చదువు కాపురంలోకి వస్తే ఏమవుతుందో తెలుగు కథ ఎప్పుడో చూసింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. అందులో భార్యకు చదువు చెప్పింది భర్తే. ఆ చదువుతోనే ఆమె ఉత్తరం రాసిపెట్టి అతనికి బుద్ధి చెబుతుంది. దొరల చదువు వల్ల నష్టమే అని తేల్చేయకుండా ఉండటానికి దాన్ని ఒకసారి చదవండి.

ప్రశ్న (నగరి): 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయినప్పుడు మా బంధువర్గం రెండుగా అయింది. దీన్ని దేశ విభజన కథల్లాగా రాయవచ్చా?

జవాబు: వద్దు. ఉర్దూ కథకుడు మంటో రాసిన 'తోబా టేక్ సింగ్'లో పిచ్చాసుపత్రి రోగులను కూడా రెండు దేశాలు పంచుకుంటాయి. దాని వెనక లక్షల చావులున్నాయి. తిరుత్తణి మార్పులో ఎవరూ ఇల్లు వదిలి పారిపోలేదు. పోల్చారంటే మీ బాధ చిన్నదైపోతుంది. పైగా ఆ నిర్ణయం స్వతంత్రం వచ్చాక మనం చేసుకున్నది, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దొరల వంతు అంతకు ముందుది. తమిళం, తెలుగు కలిసిన ఊళ్ళను పాలన సౌకర్యం కోసం ఒక జిల్లాగా కట్టారు. మీ కథకు చిన్న విషయాలే బలం. అవతలి పక్క మేనమామ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పిల్లలకు మాత్రం రాయడం రాదు. పెళ్ళి పత్రిక ఏ లిపిలో వేయించాలో తేలక రెండు కుటుంబాలు రాత్రంతా కూర్చున్నాయంటే అక్కడ కథ ఉంది.

ప్రశ్న (పలమనేరు): పాత పత్రాల్లో ఫసలీ అని ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం ఎట్లా కనుక్కోవాలి? పాత మాటలు ఆ కాలంలో వాడేవాళ్ళో లేదో ఎక్కడ చూడాలి?

జవాబు: ఫసలీ అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది. దానికి 590 కలపండి. వచ్చిన ఏడాది జులై 1న ఆ ఫసలీ మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. మాటలకు బ్రౌన్ నిఘంటువు చూడండి, 1852లో అచ్చయింది. తాసిల్దారు, జమాబందీ, కిస్తు, దరఖాస్తు లాంటివి దొరలు తెచ్చిన మాటలు కావు, నవాబుల కాలం నుంచే ఉన్నాయి. దొరలు వాటిని అట్లాగే వాడుకున్నారు. ఊళ్ళ వివరాలకు కాక్స్ 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ ఉంది. అందులో కులాల గురించి రాసింది రాసినట్టు తీసుకోవద్దు, అది పాలించేవాడి చూపు. కరణం, మునసబు పాత్రలను 1984 తర్వాత ఆ కొలువులో ఉంచొద్దు, ఆ ఏడే ఆ పదవులు రద్దయ్యాయి.

ఉదాహరణకు ఫసలీ 1320 పత్రం అంటే 1910 జులై నుంచి 1911 జూన్ లోపలిది. చిత్తూరు జిల్లా ఆ ఫసలీ మధ్యలోనే, 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. మీ కథలో కాగితం అంతకు నెల ముందుదైనా సరే, పలమనేరు అయితే ఉత్తర ఆర్కాటు జిల్లా అనీ, మదనపల్లె అయితే కడప జిల్లా అనీ రాయండి.